నలభై ఒకటో స్తంభం కింద

సకల జనుల సమ్మె మొదలై వారం దాటిన ఒక రోజు, పట్టపగలు పదకొండూ ఇరవైకి, హైటెక్ సిటీ రైల్వే స్టేషను పక్కగా పోయే రోడ్డు మీద అరవై నాలుగు వీధిదీపాలు వెలిగాయి.

వెలగడానికి కొంత సమయం తీసుకున్నాయి. సోడియం దీపానికి తొందర ఉండదు. ముందు, అప్పుడే నిద్రలేచిన కన్నులా ఎర్రబడుతుంది, తర్వాత నారింజ రంగుకు తిరుగుతుంది, నాలుగైదు నిమిషాలకు గాని దాని అసలు పసుపు దానికి రాదు. ఆ నాలుగైదు నిమిషాలూ ఎవరూ గమనించలేదు. గమనించేసరికి అరవై నాలుగూ నిండుగా వెలుగుతున్నాయి. పైన ఎండ కూడా బాగానే కాస్తోంది.

ఆ దీపాల ఫిట్టరు నర్సింహ ఆ సమయానికి స్విచ్చుల డబ్బాకు పది గజాల దూరంలో, ఒక ఆఫీసు ప్రహరీ నీడన కూర్చుని జొన్నరొట్టె తింటున్నాడు. నడిచిపోయేవాళ్లు తలలెత్తి చూడటం అతనికి కనిపించింది. ధర్నాల రోజులు గదా, పోలీసు హెలికాప్టరేదన్నా తిరుగుతోందేమోనని తనూ తలెత్తి చూశాడు. ఆకాశంలో ఏమీ లేదు. మళ్లీ రొట్టె తుంచుకున్నాడు.

అప్పుడు సింగరేణిలోనూ సమ్మే. బొగ్గు రాక కరెంటు లేదు, కరెంటు లేక ఊరంతా గంటల తరబడి కోత. ఫ్యాన్లు తిరగని ఇళ్లలోంచి జనం వరండాల్లోకి వచ్చి విసనకర్రలు ఊపుకుంటున్న కాలం. ఎవరో సాఫ్ట్‌వేరు కుర్రవాడు సెల్‌ఫోనుతో ఫొటో తీశాడు. మర్నాడు అది పేపర్లో వచ్చింది. ఫొటోలో వరసగా దీపాలూ, పైన సూర్యుడూ, కింద మూలన రొట్టె తింటున్న ఒక మనిషీ స్పష్టంగా ఉన్నారు.

కారణం చిన్నదే. స్విచ్చుల డబ్బా నెత్తిన, ఉత్తరం దిక్కు చూస్తూ, రూపాయి బిళ్లంత గాజు కన్ను ఒకటి ఉంటుంది. దానికి చీకటి తగిలితే దీపాలు వెలిగిస్తుంది, వెలుగు తగిలితే ఆర్పేస్తుంది. ఎదురు ప్రశ్న వేయని నౌకరు. ఆ పొద్దున నర్సింహ తన తువాలు ఉతికి, నాలుగు మడతలు పెట్టి, ఆ డబ్బా మీద ఆరేశాడు. కన్ను పొద్దుగూకిందనుకుంది. తన పని తను చేసింది.

కాంట్రాక్టు కంపెనీ సూపర్‌వైజరు విశ్వేశ్వరరావు మెమో ఇచ్చాడు. తణుకు వైపు మనిషి, మెత్తనివాడు. మెమో చేతికిచ్చేటప్పుడు కూడా నొచ్చుకుంటూనే ఇచ్చాడు. తువాలు ఎందుకు ఆరేశావని అందులో అడిగారు. తడిగా ఉన్నందున అని నర్సింహ జవాబు రాశాడు. ఇంకొక్క పొరపాటు జరిగితే పనిలోంచి తీసేస్తామని కింద హెచ్చరిక ఉంది. అంతటితో అయిపోయింది. అసలు ఎందుకు ఉతికావని మాత్రం ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే నర్సింహ ఇరుకున పడేవాడు. ఆ సాయంత్రం నలభై ఒకటో స్తంభం కింద చాయ్ తాగడానికి పోవాలి. మాసిన తువాలు భుజాన వేసుకుని పోవడం ఇష్టం లేదు.

నర్సింహది హఫీజ్‌పేట. అతను ఎక్కణ్ణుంచో ఈ రోడ్డుకు వచ్చినవాడు కాదు, ఈ రోడ్డే అతని దగ్గరికి వచ్చింది. తండ్రి ఐలయ్య రైల్వేలో సిగ్నల్ దీపాలు చూసేవాడు. పొద్దు వాలుతుండగా కిరసనాయిలు డబ్బా పట్టుకుని పట్టాల వెంట నడిచిపోయి, ఇనప నిచ్చెన ఎక్కి, దీపంలో నూనె పోసి, వత్తి కత్తిరించి, గాజు తుడిచి దిగేవాడు. చిన్నప్పుడు నర్సింహ తండ్రి వెంట పోయి, ఇంత ఎత్తున దీపం పెట్టినా కింద నేల కనపడటం లేదేమని అడిగాడట. అది నేల చూపించే దీపం కాదని ఐలయ్య చెప్పాడు. దీపాలు రెండు తీర్లు. ఒకటి నడిచే తొవ్వను చూపించేది, ఇంకొకటి తనను చూపించుకునేది. సిగ్నల్ దీపం రెండో తీరుది. అర మైలు దూరాన వచ్చే డ్రైవరు కంట్లో అది పడితే చాలు, దాని పని అయిపోయినట్టే.

కొడుకు మొదటి తీరు దీపాలకు వచ్చి పడ్డాడు. పదకొండేళ్లుగా ఆ అరవై నాలుగు స్తంభాలూ అతనివే. తొమ్మిది మీటర్ల ఎత్తు, స్తంభానికీ స్తంభానికీ ముప్పై మీటర్ల ఎడం. ఒక దీపం వెలుగు అంచు పక్క దీపం వెలుగు అంచును తాకాలి, నడుమ చీకటి మడుగు మిగలకూడదు. దీపం ముఖం కిందికే చూడాలి. మురిపెం కొద్దీ కాస్త పైకెత్తితే వెలుగు దూరం పోయినట్టే కనిపిస్తుంది గాని, వచ్చేవాడి కళ్లలో పొడుస్తుంది. అప్పుడు వాడికి దీపమే కనపడుతుంది, రోడ్డు దాటే ముసలమ్మ కనపడదు. అందుకని నర్సింహకు ఒక మాట ఉంది. కొత్తగా చేరిన ప్రతి ఫిట్టరుకూ, వినేవాళ్లు లేకపోతే స్తంభానికీ చెప్పేవాడు. "దీపం కనపడొద్దు, తొవ్వ కనపడాలె." విశ్వేశ్వరరావుకు ఈ మాట ఎంతగా నచ్చిందంటే, పెద్ద మీటింగుల్లో దాన్ని తన మాటగా చెప్పేవాడు. నర్సింహ ఏమీ అనుకోలేదు. మాట ఎవరిదైతేనేం, స్తంభాలు తనవి.

భార్య అంజమ్మ తొమ్మిదేళ్ల కిందట జ్వరంతో పోయింది. పిల్లలు లేరు. అక్క భాగ్యమ్మతో కలిసి ఉంటాడు. భాగ్యమ్మ ఆ సమ్మె రోజుల్లో పొద్దున్నే అన్నం వండి పెట్టి మియాపూర్ చౌరస్తాలో దీక్షా శిబిరానికి పోయేది. అందరూ పనులు బందు పెట్టి తెలంగాణ కోసం కూర్చుంటే, నువ్వు మాత్రం దీపాలు పెట్టుకుంట తిరుగుతున్నవని తమ్ముణ్ణి రోజూ ఒక మాట అనేది. కాంట్రాక్టు నౌకరుకు సమ్మె చేసే వైభోగం ఎక్కడిది. అయినా నర్సింహ దగ్గర జవాబు లేకపోలేదు.

"తెలంగాణ పొద్దుమీకినంక వస్తె తొవ్వ కనపడొద్దానే అక్కా."

నలభై ఒకటో స్తంభం కింద చాయ్, సర్వపిండి అమ్మే ఆమె పేరు వసంత. జోగిపేట దగ్గరి ఊరు. కట్టుకున్నవాడు మగ్గాల పనికని భీవండి పోయి అక్కడే ఇంకొక సంసారం పెట్టాడు. పెద్దమనుషుల్లో తెగదెంపుల ఇడుపు కాయితం కూడా అయిపోయింది. లింగంపల్లిలో ఒక కిరాయి గదిలో ఉంటుంది. సాయంత్రం ఆరూ ఇరవై రైలుకు పిండి గిన్నెతో దిగి, గోడ పక్క గొలుసు వేసి పెట్టుకున్న బండిని తెచ్చుకుని, ఆ స్తంభం కింద పొయ్యి ముట్టిస్తుంది. రెండేళ్ల కిందట మొదటి రోజు ఆమె స్థలం వెతుక్కున్న తీరు నర్సింహ కళ్లారా చూశాడు. పళ్లెంలో బియ్యప్పిండి పరుచుకుని ఒక్కొక్క స్తంభం కిందా నిలబడి, పిండిలో పురుగు కనపడుతుందా లేదా అని చూసుకుంటూ వచ్చింది. వెలుగు కొలిచే మీటర్లు కంపెనీ దగ్గర ఉన్నాయి గాని, ఇంత నమ్మకమైనది లేదు. నలభై ఒకటి దగ్గర ఆగిపోయింది. ఆ వారమే నర్సింహ దాని బల్బు మార్చి గాజు కడిగి ఉన్నాడు. గాజు మీద దుమ్ము పడితే పావు వంతు వెలుగును అదే మింగేస్తుంది. అరవై నాలుగింటిలో తను కడిగిన గాజును ఒక మనిషి గుర్తుపట్టడం అతనికి అదే మొదలు.

అప్పటినుంచి మిగతా దీపాల గాజులు మూడు నెలలకొకసారి, నలభై ఒకటిది వారానికొకసారి కడిగేవాడు. దీని సంగతి ఎవరికీ తెలియదు. వసంతకు తెలుసు. ఆమె చాయ్ పోస్తూ, "ఇయ్యాల నా నెత్తి మీది దీపానికి తానం జేపిచ్చినట్టున్నవు గద, కరెంటు పటేలా," అనేది. నర్సింహ గ్లాసులోకి చూస్తూ ఊ అనేవాడు.

ఆమె అతణ్ణి కరెంటు పటేలా అని పిలుస్తుంది. అతను ఆమెను ఏమనీ పిలవడు. అక్కా అంటే అక్కడితో తలుపు మూసుకున్నట్టే. పేరు పెట్టి పిలవాలంటే గొంతు దాటదు. అమ్మా అనడానికి ఆమె తనకంటే ఆరేళ్లు చిన్నది. అందుకని రెండేళ్లపాటు ఏ పిలుపూ లేకుండానే మాట్లాడాడు. ఇది చెప్పినంత తేలిక కాదు. ఆమె అటు తిరిగి ఉన్నప్పుడు ఇటు తిరిగేదాకా ఆగాలి, లేదా దగ్గాలి. ఆ రెండేళ్లలో నర్సింహకు దగ్గు ఉందని ఆఫీసు కుర్రవాళ్లు నమ్మారు. ఒకరు మిరియాల కషాయం కూడా చెప్పారు.

ఇంకొక చిక్కు ఉంది. వసంతను అతను ఎన్నడూ పగటి వెలుగులో చూడలేదు. ఆమె వచ్చేసరికి పొద్దు వాలిపోతుంది. ఎండకాలం పొద్దు ఆలస్యంగా వాలినా, ఆ వేళకు అతను రోడ్డు ఆ కొసన ఉండి, దీపాలు వెలిగాకే ఇటు వస్తాడు. ఆ తర్వాత అంతా సోడియం దీపం రాజ్యం. అది వెలుగు ధారాళంగా ఇస్తుంది గాని రంగులు ఇవ్వదు. దాని కింద ఎర్రది ఇటుక రంగవుతుంది, ఆకుపచ్చ ఎండుటాకవుతుంది, నీలం నల్లబడిపోతుంది. కారు నడిపేవాడికి దానితో పనిలేదు, ఎదుట ఏదో ఉందని తెలిస్తే చాలు. నర్సింహకు చాలలేదు. వసంతకు ఒక చీర ఉంది, అంచున మామిడి పిందెలు, ఒళ్లంతా కాఫీ పొడి రంగు. ఎక్కువగా అదే కడుతుంది. అది కాఫీ పొడి రంగు కాదని అతని వృత్తికి తెలుసు. ఏ రంగో మాత్రం తెలియదు. తను వెలిగించిన దీపం కిందే, తను రోజూ చూసే మనిషి ఏ రంగు చీర కట్టిందో తనకు తెలియకపోవడం అతన్ని లోలోపల తినేస్తూ ఉండేది.

బతుకమ్మ పండుగ దగ్గర పడుతుంటే ఆమెకు గాజులు కొనాలని మనసులో పడింది. చీరకు కలిసేవి కొనాలి. రంగు తెలియదు. అడగాలంటే పిలవాలి. అందుకని అతను తన పనికి తగిన ఉపాయం ఆలోచించాడు. భాగ్యమ్మ పెట్టెలోంచి రంగురంగుల రవిక గుడ్డలు పట్టుకుపోయి, ముప్పై తొమ్మిదో స్తంభం కింద ఒక్కొక్కటే విప్పి, ఏది కాఫీ పొడి రంగుకు తిరుగుతుందో పరీక్ష చేశాడు. నడిరోడ్డున ఒక మగమనిషి దీపం కింద రవిక గుడ్డలు విప్పి చూసుకుంటుంటే, పక్క గేటు సెక్యూరిటీ అతను కాసేపు గమనించి, మర్యాదగా తల తిప్పుకున్నాడు. పరీక్షలో ఆకుపచ్చ నెగ్గింది. నర్సింహ డజను ఆకుపచ్చ గాజులు కొని పేపర్లో చుట్టి సంచిలో పెట్టుకున్నాడు.

అప్పుడే పైనుంచి ఆర్డరు వచ్చింది. కరెంటు కొరత కాబట్టి వీధిదీపాలు ఒకటి విడిచి ఒకటి ఆపాలి. సరి సంఖ్యలు ఉంటాయి, బేసి సంఖ్యలు పోతాయి. ప్రతి స్తంభం మొదట్లో చిన్న మూత, మూత వెనక ఫ్యూజు. ఒక్కొక్కటే తీసి జేబులో వేసుకుంటూ పోవాలి. ఈ పని మంచిది కాదని నర్సింహ విశ్వేశ్వరరావుకు చెప్పి చూశాడు. అన్ని దీపాలూ తగ్గించి వెలిగిస్తే కన్ను ఓర్చుకుంటది, ఒక మడుగు వెలుగూ ఒక మడుగు చీకటీ అయితే వెలుగు చూసొచ్చిన కన్నుకు చీకటి రెండింతలవుతది అన్నాడు. తగ్గించి వెలిగించే దీపాలు మన దగ్గర లేవు కదయ్యా, అన్నాడు విశ్వేశ్వరరావు. ఆ మాటా నిజమే. మెమో సంగతి కూడా మెల్లగా గుర్తు చేశాడు.

నర్సింహ ఒకటి నుంచి మొదలుపెట్టి ఫ్యూజులు తీసుకుంటూ వచ్చాడు. ముప్పై తొమ్మిది అయింది. నలభై దాటాడు. నలభై ఒకటి దగ్గర వసంత పొయ్యి మీద గిన్నె పెట్టి, ఇంకా వెలగని దీపం కేసి చూస్తోంది. అతను వంగి మూత తీశాడు. ఫ్యూజు తీశాడు. చుట్టూ దీపాలు ఎర్రబడి పసుపెక్కాయి, ఆమె నెత్తి మీదిది మాత్రం అలాగే ఉండిపోయింది.

"నా నెత్తి మీదిదే దొరికిందా నీకు?"

బేసి నంబర్లు తియ్యమన్నరని నర్సింహ నేలకు చెప్పాడు.

"నలభై ఒకటి బేసని ఇయ్యాలనే తెల్సిందా, పటేలా?"

అతను ఆ రోజు చాయ్ తాగలేదు.

వసంత ఒక కిరసనాయిలు కందీలు తెచ్చుకుని బండికి వేలాడదీసింది. రోడ్డు మీద సరి సంఖ్యల వెలుగులోంచి నడిచొచ్చేవాళ్లకు ఆ కందీలు కనపడేదే కాదు. కొందరు దగ్గరి దాకా వచ్చి, ఏంటండీ ఇక్కడ ఇంత చీకటి, అని ముందుకు సాగిపోయేవారు. పిండి సగం మిగిలేది. నర్సింహ నలభై రెండో స్తంభం దగ్గర నిలబడి చూసేవాడు. నలభై ఒకటి ఫ్యూజు అతని అంగీ జేబులోనే ఉండేది. మిగతావన్నీ ఆఫీసులో అప్పజెప్పాడు, అదొక్కటి మాత్రం లెక్కలో ఎలాగో తప్పిపోయింది. తిరిగి పెట్టడం అరనిమిషం పని. పెడితే ఆ వెలుగు మర్నాటికి ఎవరో ఒకరి కంట్లో పడుతుంది, మర్నాడే పని పోతుంది. పని పోతే స్తంభాలు పోతాయి, స్తంభాలు పోతే ఇక్కడికి రావడానికి కారణమే పోతుంది. అరనిమిషం పనికి అంత దూరం ఆలోచించవలసి వచ్చేది.

సద్దుల బతుకమ్మ నాడు కొత్తగూడ చౌరస్తాలో రోడ్డు మీదే బతుకమ్మలు పెట్టి ఆడాలని ఆడవాళ్లు పిలుపిచ్చారు. బస్సులు లేవు, ఆఫీసులు సగం ఖాళీ. సాయంత్రం నాలుగింటికే తంగేడు, గునుగు పూల బతుకమ్మలు చౌరస్తా నడుమకు చేరాయి. భాగ్యమ్మ ముందు వరసలో ఉంది. పిలుపు చెప్పడానికి చాయ్ బండ్ల దాకా తిరిగొచ్చిన ఆమె ద్వారానే వసంత కూడా వస్తుందని తెలిసింది. నర్సింహ తలకు నూనె రాసుకుని, ఉతికిన తువాలు భుజాన వేసుకుని, గాజుల సంచితో నాలుగు కాకముందే వెళ్లి నిలబడ్డాడు. నాలుగంటే ఎండ. ఎండ అంటే రంగులు.

రెండు వందల మంది ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ గుండ్రంగా తిరుగుతున్నారు. అంతమందిలో అతను మామిడి పిందెల అంచు పట్టుకుని వెతికాడు. దొరికింది. ఆమె మూడు సార్లు అతని ముందునుంచే తిరిగిపోయింది. పిలవాలి. దగ్గాడు. చప్పట్లలో దగ్గు ఎవరికి వినపడుతుంది. నాలుగోసారి ఆమె దాటిపోతుంటే, రెండేళ్లుగా దాచుకున్న గొంతు ఒక్కసారిగా బయటపడింది.

"నలభై ఒకటో స్తంభం!"

చప్పట్లు ఒక క్షణం ఆగాయి. రెండు వందల మంది తిరిగి చూశారు. భాగ్యమ్మ నెత్తి కొట్టుకుంది. వసంత వరసలోంచి బయటికి వచ్చింది.

దగ్గరికి వచ్చిన మనిషిని అతను చూస్తూ నిలబడ్డాడు. ముఖం కొంచెం చామనఛాయ. చెంప మీద చిన్న కాలిన మచ్చ, దీపం కింద అది నీడ అనుకున్నాడు. కళ్లు నల్లవి కావు, తేనె రంగువి. చీర వంకాయ రంగు.

అతను సంచి అందించాడు. ఆమె పేపరు విప్పింది. ఆకుపచ్చ గాజులు ఎండలో తళతళలాడాయి.

"ఎవలికి?"

"ఆ చీర మీదికి. ఆకుపచ్చ అనుకున్న."

"రెండేండ్లసంది సూస్తున్నవు, గిది వంకాయ రంగని తెల్వదా?"

తప్పు దీపానిదని నర్సింహ చెప్పబోయాడు. దీపం ఎవరిదో గుర్తొచ్చి ఆగిపోయాడు. ఆమె ఒక గాజు తీసి చీర మీద పెట్టి చూసింది.

"పోనీ తియ్యి," అంది. "వంకాయకు తొడిమె పచ్చగనే ఉంటది గద."

గాజులు తొడుక్కోలేదు. పేపర్లో మళ్లీ చుట్టి కొంగున ముడేసుకుంది. తర్వాత మెల్లగా అసలు సంగతి చెప్పింది. పండుగ వెళ్లగానే భరత్‌నగర్ స్టేషను దగ్గర వాళ్ల వదినె బండి పక్కన పెట్టుకుంటుంది. చీకట్లో ఎన్ని దినాలని కూర్చుంటుంది. ఆ మాట విని నర్సింహ తువాలు చివర వేలికి చుట్టడం మొదలుపెట్టాడు. ఆమె కాసేపు ఆ చుట్టడం చూసింది.

"రోజు గీ పట్టాల మీదికెళ్లే పోత. ఆరూ ఇరవై రైలు. కిటికీలకెళ్లి సూస్త. నలభై ఒకటి వెలుగుతుంటె దిగుత, లేకుంటె సక్కగ భరత్‌నగర్ పోత."

పరుగెత్తే రైల్లోంచి అన్ని దీపాలూ ఒక్క తీరుగానే ఉంటాయి, అందులో నలభై ఒకటి ఏదో ఎట్లా తెలుస్తుందని అతను అడిగాడు.

"అది నీ పని, కరెంటు పటేలా," అని ఆమె మళ్లీ వరసలో కలిసిపోయింది.

ఇంటికి నడిచిపోతుంటే, ఆకుపచ్చ గాజులు పెండ్లికి పెట్టే గాజులని నీకు తెల్వదారా అని భాగ్యమ్మ అడిగింది. నర్సింహ తువాలును ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నాడు. రంగు కలుస్తుందని మాత్రమే కొన్నానన్నాడు. ఆమె తీసుకుందా అని అడిగింది. తీసుకుందన్నాడు. అయితే ఇంక నోరు మూసుకుని నడువు అంది భాగ్యమ్మ.

దసరా వెళ్లింది. నర్సింహ రోజూ ఆరుంపావుకు నలభై ఒకటో స్తంభం కింద నిలబడేవాడు. ఆరూ ఇరవై రైలు వచ్చేది, స్టేషన్లో ఆగేది, కదిలేది. వెలిగే కిటికీలు ఒకదాని వెంట ఒకటి జారిపోతుంటే, ఏ కిటికీలో ఎవరున్నారో బయటి చీకట్లోని మనిషికి తెలియాలి. అతను ఆడవాళ్ల పెట్టెలో మామిడి పిందెల అంచు కోసం చూసేవాడు. కనపడినట్టే ఉండేది. కనపడిందని నమ్మకం కుదిరేలోపు రైలు బోరబండ వైపు పోయేది. పొయ్యి ఉన్న చోట నేల మీద నల్లటి మచ్చ ఒకటి మిగిలింది. ఒక వాన పడి అది కూడా సగం కడుక్కుపోయింది. అతనికి దగ్గు పూర్తిగా తగ్గిందని ఆఫీసు కుర్రవాళ్లు సంతోషించారు.

ఆ వారంలోనే విశ్వేశ్వరరావు ఒక అట్టపెట్టె తెచ్చాడు. లోపల కొత్త రకం దీపం, ఎల్ఈడీ, నమూనా కోసం ఒక్కటే పంపారు. పాతది చోకుతో కలిపి మూడు వందల వాట్లకు దగ్గరగా మింగుతుంటే, ఇది తొంభైతో సరిపెట్టుకుంటుంది. మీట వేసిన మరుక్షణం వెలుగుతుంది, కాచుకోనక్కరలేదు. సోడియం దీపంలా వెలుగును చుట్టూ ఒలకబోయదు, ఎటు తిప్పితే అటే పోస్తుంది. తెల్లటి వెలుగు. రంగులు రంగుల్లాగే ఉంటాయని విశ్వేశ్వరరావు మురుస్తూ చెప్పాడు. ఆఖరి మాట దగ్గర నర్సింహ తలెత్తాడు. కరెంటు తక్కువ తింటుంది గనక దీనికి బేసి నంబర్ల ఆర్డరు వర్తించదు, ఎక్కడ పెట్టినా రోజూ వెలగవచ్చు. రెండో స్తంభానికి, పెద్ద టవరు గేటు ఎదురుగా బిగించమనీ, పెద్ద సార్లు దిగగానే చూడాలనీ విశ్వేశ్వరరావు మూడు సార్లు చెప్పి, అత్తగారికి ఒంట్లో బాగాలేదని తణుకు పోయాడు.

నర్సింహ ఆ పెట్టెను నిచ్చెన బండి మీద పెట్టుకుని రెండో స్తంభం దాకా పోయాడు. అక్కడ కాసేపు ఆగాడు. జేబులోని ఫ్యూజును తడిమి చూసుకున్నాడు. తర్వాత బండిని నలభై ఒకటి దాకా తోసుకుపోయాడు.

అతను చేసిన పనిలో తెలియక చేసింది ఒక్కటీ లేదు. పాత దీపం దించి కొత్తది బిగించాడు. రోడ్డు వైపు చాచి ఉండే ఇనప కొమ్మను పట్టాల వైపు తిప్పాడు. తర్వాత, పదకొండేళ్లలో ఏ దీపానికీ చేయని పని చేశాడు. దాని ముఖం పైకెత్తాడు. కోణం కొలిచే మట్టం తీసి పక్కన పెట్టి, పట్టాల మలుపు దగ్గర రైలు కిటికీ ఎంత ఎత్తున ఉంటుందో కంటితో గురి చూసుకుని, అక్కడికి ఎత్తాడు. వీధిదీపాల లెక్కలో అది ముమ్మాటికీ తప్పు. దిగి, జేబులోంచి ఫ్యూజు తీసి, మూత వెనక పెట్టాడు.

సాయంత్రం గాజు కన్ను మూసుకుంది. పసుపు దీపాలు తాపీగా ఎర్రబడుతుండగా, వాటి నడుమ ఒక్కటి మాత్రం తటాలున తెల్లగా వెలిగింది. పట్టాలు వెండి తీగల్లా మెరిశాయి. కింద నేల మీది నల్లటి మచ్చ, పక్కన ఎండిన గడ్డి, గడ్డిలో ఊదారంగు గడ్డిపూలు కూడా కనపడ్డాయి. పదకొండేళ్లలో అక్కడ పూలున్నాయని అతనికి తెలియదు.

ఆ రోజు రైలు రాలేదు. రైల్ రోకో. మర్నాడూ రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. మూడు సాయంత్రాలూ ఆ దీపం ఖాళీ పట్టాల కేసి చూస్తూ ఉంది, దాని కింద నర్సింహ కూడా. రోకో మంచిదే, తెలంగాణ రావాలంటే రైళ్లు ఆగాలె అని భాగ్యమ్మ అంది. నర్సింహ కాదనలేదు. ఆరూ ఇరవై ఒక్కటి వదిలిపెడితే బాగుండేదని మాత్రం మనసులో అనుకున్నాడు.

నాలుగో రోజు రైళ్లు నడిచాయి. ఆ పొద్దున నర్సింహ తువాలు ఉతికి, స్విచ్చుల డబ్బాకు చాలా దూరంగా, స్టేషను కంచె మీద ఆరేశాడు. ఆరుంపావు వేళకు విశ్వేశ్వరరావు స్కూటరు వచ్చి ఆగింది. తణుకు నుంచి తిరిగొచ్చి గేటు ముందు వెతుక్కుని, అక్కడినుంచి తెల్ల వెలుగు ఆనవాలు పట్టుకుని వచ్చాడు. కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. కోపం రావాలని ప్రయత్నిస్తున్నాడు గాని ఆశ్చర్యమే ముందు వస్తోంది. గేటు ముందు పెట్టమంటే మనిషి లేని చోట పెట్టావేమిటన్నాడు. పెద్ద సార్లకు ఏం చెప్పుకోవాలన్నాడు. నిన్ను పనిలో ఉంచమని నేను ఏ ముఖంతో అడగాలన్నాడు. నర్సింహ వింటూనే ఉన్నాడు. అతని చూపు మాత్రం హఫీజ్‌పేట వైపు మలుపు మీద ఉంది. పట్టాలు సన్నగా మోగడం మొదలైంది.

"అదీ కాదయ్యా నర్సింహా, ఆ ముఖం ఎత్తడం ఏమిటి? అర మైలు దూరం నుంచి కళ్లలో పొడుస్తోంది. దీపం కనపడకూడదు, దారి కనపడాలని నాకు నేర్పింది నువ్వే కదా!"

మలుపు తిరిగిన రైలు వేగం తగ్గించుకుంటూ తెల్లటి వెలుగులోకి వచ్చింది. ఆడవాళ్ల పెట్టె తలుపు దగ్గర ఎవరో కడ్డీ పట్టుకుని నిలబడి ఉన్నారు. నర్సింహ తువాలు భుజాన సర్దుకున్నాడు.

"గీ ఒక్కటి సిగ్నల్ దీపం, సార్."